పై వరుస ఖాళీ

మా అక్క నన్ను పియానో ముందు నుంచి లేపేసిన రోజు నాకు పద్నాలుగేళ్లు. తను నాకంటే పదేళ్లు పెద్ద. అప్పటికే సంగీత పాఠశాలలో టీచరు. ఇంట్లో నాకు నేర్పేదీ తనే. మూడు వందల ఏళ్ల నాటి యూరప్ బరోక్ సంగీతం వాయిస్తూ, ఇక్కడ ఇంకో రెండు స్వరాలు పడితే బాగుంటుందనిపించి కలిపేశాను.

"రాసింది వాయించు. నీ తెలివితేటలు ఎవరడిగారు?" అంది.

నేను ఊరుకునే రకం కాదు. "రాసినాయన పోయి మూడొందలేళ్లయింది. ఆయనకి లేని బాధ నీకెందుకే?" అన్నాను. పాఠాలు అక్కడితో సరి.

ఆ తర్వాత, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్‌లో పడ్డాను. ఇరవై రెండేళ్లుగా ఒక హోటల్ లాబీలో సాయంత్రాలు వాయిస్తున్నాను. నా పియానోకి ఓ పక్క కాఫీ మిషన్, ఇంకో పక్క లిఫ్టు. వినేవాళ్లకంటే బాత్రూం ఎటని అడిగేవాళ్లే ఎక్కువ. నాకు ప్రాణమైన పని ఒకటుంది. ఆ పాత బరోక్ ముక్కలనే తీసుకుని, ఎడమచేతి నడకని అలాగే ఉంచి, లయని కాస్త ఊపులోకి తెచ్చి, కుడిచేతిని వదిలేస్తాను. అదెటు పోతే అటు నేనూ పోతాను. ఇన్నేళ్లలో మా అక్క ఒక్కసారి కూడా ఆ హోటల్ గుమ్మం తొక్కలేదు. మా ఇంటికొస్తుంది, భోజనం చేస్తుంది, పిల్లల జ్వరాలు, దగ్గులు అన్నీ అడుగుతుంది. నా వాయింపు ఊసు మాత్రం ఎత్తదు. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది. ఏడుపూ వచ్చేది.

ఈ ఏడు అక్క పనిచేసే పాఠశాలలో పై తరగతులకు పియానో టీచరు కావాలని ప్రకటన పడింది. పోయినేడు తమ శిష్యులకే ఉద్యోగాలిచ్చుకున్నారని పెద్ద గొడవైందట. అందుకని కొత్త నిబంధనలు పెట్టారు. పరీక్షించే ముగ్గురూ తెర వెనక కూర్చుంటారు. వాయించేవాళ్లకు పేరుండదు, నంబరే. లోపల నోరు మెదపకూడదు. ఆ ముగ్గురిలో ఒకరు మా అక్క.

"మీ అక్కకి తెలిస్తే?" అన్నారు మా ఆయన.

"తెలియకూడదనే కదా వెళ్లేది," అన్నాను.

ఉద్యోగం నాకు కావాలి, లేదనను. లిఫ్టు గంటకి ఉలిక్కిపడుతూ వాయించడం ఇక నావల్ల కాదు. కానీ అంతకంటే ఎక్కువగా, వాయించేది నేనని తెలియకుండా మా అక్క నన్ను ఒక్కసారి వినాలి. నచ్చకపోతే పోయె. వినాలి, అంతే.

పరీక్ష పొద్దున పది గంటలకి. నాది ఏడో నంబరు, ఆఖరిది. రెండు భాగాలు: ముందు మనకిష్టమైన బరోక్ రచన ఒకటి, తర్వాత వాళ్లిచ్చిన కాగితం. ఆ కాగితాన్ని గుమాస్తా పది నిమిషాల ముందు చేతికిస్తాడు. నా ముందున్న కళ్లజోడు కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి గుమాస్తా దగ్గరికి పరిగెత్తాడు.

"ప్రింటు సరిగ్గా పడలేదండీ. పై వరుసంతా ఖాళీ. కింద ఎడమచేతికే స్వరాలున్నాయి."

"ఇచ్చిందింతే," అన్నాడు గుమాస్తా.

"మరి ఈ అంకెలేమిటండీ? పేజీ నంబర్లా?"

పాపం, నవ్వకూడదు. నవ్వాను. ఆ రోజుల్లో ఎడమచేతి వరుస రాసి, దాని కింద అంకెలు వేసి వదిలేసేవారు. ఏ స్వరం మీద వేటిని పేర్చాలో అంకెలు చెబుతాయి. ఎలా పేర్చాలన్నది వాయించేవాడి ఇష్టం. ఆ అంకెల లెక్క నాకు పన్నెండో ఏట నేర్పింది మా అక్కే. హోటల్లో నా కాగితాలు మాత్రం వేరేనా? పైన పాట, దాని నెత్తిన ఏ స్వరాల గుంపు వాడాలో చెప్పే నాలుగు అక్షరాలు. మిగతాదంతా మనమే నింపుకోవాలి. బతుకంతా నేను చేస్తున్న పనినే పరీక్ష అని ఇచ్చారు.

లోపల ముదురాకుపచ్చ తెర. దాని కింద మూడు జతల చెప్పులూ బూట్లూ కనిపిస్తున్నాయి. లేసుకి రెండేసి ముడులు వేసినవి అక్కవి, చిన్నప్పటి నుంచీ తనకదే అలవాటు. పియానో ముందు కూర్చున్నాను.

నేనెంచుకున్న రచనలో ప్రతి భాగాన్నీ రెండుసార్లు వాయించాలి. మొదటిసారి ఉతికి ఇస్త్రీ చేసినట్టు వాయించాను, ఒక్క స్వరం అటూ ఇటూ పోనివ్వలేదు. రెండోసారికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇలాగే బుద్ధిగా ముగిస్తే ఉద్యోగం రావచ్చు. కానీ అప్పుడు తెర వెనక అక్క వినేది నన్ను కాదు, తన శిష్యురాళ్లలో ఎవరో ఒకర్ని.

వదిలేశాను. ఎడమచెయ్యి అదే దారిన, కాస్త తూగుతూ నడిచింది. కుడిచెయ్యి ఓ అడుగు ఆలస్యంగా బయల్దేరి, దాన్ని దాటేసి, వెనక్కి తిరిగి ఆట పట్టించింది. పాత స్వరాలన్నీ ఉన్నాయి, కానీ ఇప్పుడవి నవ్వుతున్నాయి. తెర కింద ఓ గోధుమరంగు బూటు తాళం వేయడం మొదలుపెట్టింది. అక్క పాదాలు మాత్రం కదల్లేదు.

తర్వాత ఆ ఖాళీ కాగితం. భయమెటు పోయిందో పోయింది. అంకెలు చదువుతూ పైన నా ఇల్లు నేనే కట్టుకున్నాను. సగానికి వచ్చేసరికి ఊపు దానంతటదే వచ్చేసింది. అప్పుడు చూశాను. రెండు ముడుల బూటు మెల్లగా పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది. నా జన్మకిది చాలనిపించింది. ఆ సంతోషంతోనే చివరి వరకూ ఉరికాను.

ముగించాను. తెర వెనక నుంచి అక్క గొంతు.

"ఏడో నంబరు గారూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు మీరు?"

"మాట్లాడించకూడదండీ, నిబంధనల్లో రాశారు," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ గుమాస్తా.

"రాసింది నేనేలెండి. చెప్పండి."

పుట్టి బుద్ధెరిగాక మా అక్క నన్ను మీరు అనడం అదే మొదలు.

"మా అక్క దగ్గరండీ. పద్నాలుగో ఏట మానిపించింది."

తెర చర్రున పక్కకి జరిగింది. అక్క నిలబడి ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "నా మార్కులు కొట్టేయండి. ఇది నా చెల్లెలు," అంది పక్కవాళ్లతో.

గోధుమరంగు బూట్ల పెద్దాయన కాగితం మీద నుంచి తలెత్తలేదు. "కొట్టేశానమ్మా. మా ఇద్దరివే చాలు. ఈవిడ దరిదాపుల్లో ఇంకెవరూ లేరు. ఉద్యోగం ఈవిడదే."

నేను గెలిచాను. గంతులేయాలనిపించింది. అక్క నా దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా.

"ఎన్నేళ్ల నుంచి వాయిస్తున్నావే ఇలా?"

"నువ్వు వినడం మానేసినప్పటి నుంచి."

మాట పడింది. "జరుగు," అని నా పక్కనే బల్ల మీద సర్దుకుని కూర్చుంది. యాభై ఆరేళ్ల మా అక్క, ఊరందరికీ పాఠాలు చెప్పే మా అక్క, చేతులు రెండూ పియానో మెట్ల మీద పెట్టింది.

"రెండోసారి వాయించావే, అక్కడ లయ నాకు అందలేదు. నేర్పు," అంది.