గ్రైండర్ మీద నేరం

“హైమా, గ్రైండర్ ఆపు!”

ముందుగదిలోంచి కేక వినపడేసరికే హైమవతి చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లిపోయింది. రాళ్లు మరో రెండు చుట్లు తిరిగి ఆగాయి. మినప్పిండి ఇంకా బరకగానే ఉంది. అవతల కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు, దాని వెనకే కంప్యూటర్ మళ్లీ మొదట్నించి లేస్తూ వేసే చిన్న కూత వినపడ్డాయి. “ఆఖరి రౌండు! ఇంకొక్క మలుపు తిరిగితే ఫస్టు వచ్చేవాణ్ణి” అని ఆమె భర్త అనంతకృష్ణ గోడకి చెప్పుకుంటున్నాడు.

“వాడు ఆడుకునేటప్పుడు వెయ్యొద్దన్నాడు కదమ్మా” అన్నారు అత్తగారు వరహాలక్ష్మి, ఒత్తులు చేసుకుంటూ. నలభైకి దగ్గరపడుతున్న మనిషి ఆడుకోవడం గురించి ఆవిడ ఎంత మామూలుగా అన్నారంటే, ఇంట్లో ఎవరో చంటిపిల్లాడున్నట్టూ, వాణ్ణి తను నిద్రలోంచి లేపేసినట్టూ హైమవతికి ఒక్క క్షణం అనిపించింది.

అనంతకృష్ణ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు. అతను కోప్పడే రకం కాదు, ఏర్పాట్లు చేసే రకం. “ఇలా కాదులే. వచ్చే ఆదివారం దేవిశ్రీ వాళ్లు తణుకు నుంచి వస్తున్నారుగా. దానికి గ్రైండర్ లేదని ఎన్నాళ్లనుంచో అంటోంది. ఇది దానికిచ్చేద్దాం. నీకు పెరట్లో రోలు ఉండనే ఉంది” అన్నాడు.

“రోట్లో రుబ్బిన పిండి రుచే వేరు” అన్నారు అత్తగారు. మోకాళ్లు పట్టేశాక ఆవిడ ఆ రోలు దగ్గరికి వెళ్లింది లేదు.

చెల్లెలికి అన్న ఒక వస్తువు ఇస్తానన్నాడు. అందులో కాదనడానికి ఏముంటుంది? హైమవతి బరకపిండిని గిన్నెలోకి తీసుకుని పెరట్లోకి వెళ్లి పొత్రం కడిగింది.

ఆ గ్రైండర్ ఆమెకి ఎవరూ పెట్టింది కాదు. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసిన హైమవతి సాయంత్రాలు వరండాలో వీధి పిల్లలకి లెక్కలు చెప్పి, ఆ సంపాదనతో కొనుక్కుంది. కొన్నాక తెలిసింది, తను కొన్నది రాళ్లనీ మోటార్నీ కాదు, ఒక గంటని. పొద్దున్నే ఇడ్లీయో దిబ్బరొట్టో లేకుండా తెల్లవారని ఇల్లది. పిండి తనంతట తను నలుగుతుంటే ఆ గంటసేపు ఆమె వరండాలో, ఎందుకండీ అని అడిగే పిల్లల మధ్య ఉండేది. రోజు మొత్తంలో ఆమెని ‘టీచర్‌గారూ’ అని పిలిచే గంట అదొక్కటే. మధ్యాహ్నం కరెంటు కోత. కరెంటు వచ్చే వేళకి అనంతకృష్ణ ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అతను కూర్చున్నాక గ్రైండర్ తిరక్కూడదన్న రూలు వచ్చినప్పట్నించి ఆ గంట రోటి దగ్గరికి పోయింది. పిల్లలు కొన్నాళ్లు వచ్చి, వరండాలో కాసేపు కూర్చుని, పెరట్లోంచి పొత్రం చప్పుడు విని వెళ్లిపోయారు. ట్యూషన్ మానేశానని ఆమె ఎవరికీ చెప్పలేదు. గ్రైండర్ ఇంట్లో ఉన్నంతకాలం ఆ గంట ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుందనుకుంది. అందుకే ఇవాళ ఆట అయిపోయి ఉంటుందన్న ఆశతో స్విచ్చి నొక్కింది. తణుకు వెళ్లిపోతే ఇక ఆశకి కూడా చోటుండదు.

ఆ రూలు పెట్టింది సత్తిరాజు. పాలకొల్లులో ఇంట్లో కంప్యూటర్ ఉందంటే వీధి వీధంతా చెప్పుకునే రోజులవి. కాలువల శాఖలో సీనియర్ అసిస్టెంటైన అనంతకృష్ణకి, కంపెనీ కంప్యూటర్ కొనేవాడు అమాయకుడనీ, విడిభాగాలు తెప్పించి కట్టించుకునేవాడే తెలిసినవాడనీ గట్టి నమ్మకం. బస్టాండు దగ్గర కంప్యూటర్ క్లాసులు నడిపే సత్తిరాజూ అతనూ కలిసి ముందుగదిలో చాప పరిచి దాన్ని కట్టారు. హైమవతి వాళ్లకి టీలు అందించింది. చాప కిందికి దొర్లిన మరలు వెతికిచ్చింది. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటోందో చూసింది. ఆమె చూస్తోందన్నది మాత్రం ఎవరూ చూడలేదు. దసరాకి కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. ఆటలో పరిగెత్తే కార్ల అద్దాల మీద వాన చినుకులు జారడం కూడా కనపడసాగింది. కార్డు బాగా వేడెక్కుతుందని సత్తిరాజు కంప్యూటర్ పెట్టె పక్కరేకు ఊడదీసి అటకెక్కించి, “ఇంక బ్రహ్మాండంగా గాలాడుద్దండి” అన్నాడు. ఆయుధపూజనాడు అత్తగారు పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండ వేశారు. అప్పట్నించీ శుక్రవారం సాంబ్రాణి ధూపంలో దేవుడి గది తరవాత వాటా దానిదే అయింది.

మాఘమాసం వచ్చేసరికి కంప్యూటర్ ఆట మధ్యలో తెర నల్లబడి, ఆగి, మళ్లీ మొదలవడం మొదలుపెట్టింది. సత్తిరాజు వచ్చి ర్యామ్ పెంచాడు. సాఫ్ట్‌వేర్ అంతా చెరిపి మళ్లీ ఎక్కించాడు. ఆట ఇంకా అందంగా కనపడింది, ఇంకా తొందరగా ఆగింది. ఒక సాయంత్రం అతను కాఫీ తాగుతుండగానే అది ఆగిపోయింది, వంటింట్లో గ్రైండర్ తిరుగుతోంది. “ఇదిగోండి దొంగ, దొరికేసింది!” అని సత్తిరాజు తొడ చరిచాడు. “మేడంగారు అది వేశారంటే వోల్టేజి పడిపోద్దండి. మన ప్రాసెసర్ అసలే సుకుమారం.”

ఖాళీ గ్లాసుల కోసం అక్కడే నిలబడి ఉన్న మేడంగారిని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఇంట్లో ఫ్యూజు పోతే తీగ మార్చేది హైమవతి. మిక్సీ కప్లర్ అరిగితే కొత్తది బిగించేది, కుట్టుమిషను బిగుసుకుంటే విప్పి నూనె వేసేది కూడా ఆమే. అయితే వాటిని బాగుచెయ్యడం అనేవాళ్లు కాదు. ఆమె చెయ్యి పడగానే ఏ మరమ్మతైనా ఇంటిపని అయిపోయేది. కంప్యూటర్‌ది మాత్రం ‘టెక్నికల్’ ప్రాబ్లం. దానికి సత్తిరాజు రావాలి, వచ్చినప్పుడల్లా కాఫీ పెట్టాలి.

రోటి దగ్గర చేతులకి పని ఉంటుంది గానీ బుర్రకి ఉండదు. పొత్రం తిప్పుతూ హైమవతి ఆలోచించింది. తను రోట్లో రుబ్బిన రోజుల్లో కూడా కంప్యూటర్ ఆగింది. ఆ మాట ఒకసారి భర్తతో అంది కూడా. “పక్కింటివాళ్లు వేసుంటారు” అన్నాడు. పాలకొల్లులో ఎక్కడో ఒకచోట ఎవరో ఒక ఆడది పిండి రుబ్బుతూనే ఉంటుంది కాబట్టి ఆ వాదానికి తిరుగు లేదు.

మర్నాడు సాయంత్రం అనంతకృష్ణ ఆట పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. తెర మీద కార్లు వాటంతటవే పరిగెడుతున్నాయి. హైమవతి గ్రైండర్‌లో నాలుగు గింజలు, కాసిని నీళ్లు పోసి స్విచ్చి వేసి, గుమ్మంలో నిలబడి చూసింది. తెర రెప్ప కూడా కొట్టలేదు. ఆపేసింది. అతను వచ్చి కూర్చున్నాక, ఎప్పట్లాగే గంటకి అది ఆగిపోయింది. అప్పుడు గ్రైండర్ తిరగడం లేదు. ఈమధ్య ఎప్పుడూ గంటకే. టిఫినూ, కాఫీలూ, దీపం పెట్టడం అయ్యాక తను గ్రైండర్ దగ్గరికి వచ్చేదీ సరిగ్గా ఆ వేళకే. ఒకే వేళకి రెండు జరిగితే ఒకటి రెండోదానికి కారణం అయి తీరాలని లేదు. కానీ ఆ రెండిట్లో ఒకటి ఆడదాని పనైతే కారణం కోసం ఇంకెవరూ వెతకరు. గంటలో పెరిగేదేమిటి? బల్ల తుడిచే వంకతో పెట్టె మీద అరచెయ్యి పెట్టింది. అట్లపెనంలా ఉంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి, అత్తగారు కునుకు తీశాక, కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్, పాత పళ్లబ్రష్షు తీసుకుని కిటికీ దగ్గర చాప పరిచింది. పెట్టెని వెలుతురులోకి తెచ్చుకుంది. ప్రాసెసర్ మీద చిన్న పంకా, దాని కింద వేడి బయటికి పోవడానికి అల్యూమినియం రేకుల వరస. పంకా మరలు విప్పి చూస్తే రేకులు కనపడలేదు. వాటి మధ్య సందులన్నీ నల్లగా, జిగటగా, లాంతరు చిమ్నీకి పట్టినట్టు పూడిపోయి ఉన్నాయి. వేలికి అంటించుకుని వాసన చూసింది.

సాంబ్రాణి.

ప్రతి శుక్రవారం ఆ ధూపం పట్టింది తనే. ‘పైపైన కాదమ్మా, లోపలికి తగిలేలా పట్టు’ అని అత్తగారు వెనక నిలబడేవారు. ఎవరో ఆఫీసాయన వచ్చి, అబ్బ ఏం స్క్రీనండీ అని మెచ్చుకుని వెళ్లిన దిష్టి తగిలిందని ఆవిడ అనుమానం. అందుకని కంప్యూటర్ ఆగినకొద్దీ పొగ ఎక్కువైంది. పొగ ఎక్కువైనకొద్దీ కంప్యూటర్ తొందరగా ఆగింది. పక్కరేకు ఊడదీసిన సత్తిరాజు, పొగ వెయ్యమన్న అత్తగారు, వేసిన తను. అందరి చేతులూ ఉన్నాయి, వంటింట్లో మూల నిలబడ్డ గ్రైండర్‌ది తప్ప. హైమవతికి నవ్వూ రాలేదు, బాధా కలగలేదు. లెక్క తెగినప్పుడు కలిగే నిమ్మళం కలిగింది. రేకు రేకునా బ్రష్షుతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, మరలు బిగించి, కరెంటు వచ్చేలోపు పెట్టెని దాని చోట్లో పెట్టేసింది.

ఆదివారం దేవిశ్రీ, ఆమె భర్త గణేష్‌బాబు వచ్చారు. గ్రైండర్ చుట్టడానికి గోనెసంచి కూడా తెచ్చుకున్నారు. భోజనాలయ్యి, కోత అయ్యి కరెంటు వచ్చాక అనంతకృష్ణ బావమరిదికి ఆట చూపించడానికి కూర్చున్నాడు. వాన చినుకులు జారడం చూసి గణేష్‌బాబు “అబ్బో, బావగారూ!” అంటున్నాడు. గంట దాటేదాకా హైమవతి ఆగింది. ఆ తరవాత నానిన పప్పు గ్రైండర్‌లో పోసి స్విచ్చి వేసింది.

“హైమా!” అని ముందుగదిలోంచి కేక. “అయ్యో, చెప్తే వినదేం?” అని అత్తగారు. హైమవతి చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లలేదు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. రాళ్లు తిరుగుతున్నాయి, కార్లు పరిగెడుతున్నాయి. ఆగిపోతుందని అనంతకృష్ణ చేతులు ముందే పైకెత్తేశాడు. ఆగకపోయేసరికి మళ్లీ దించి, ఆఖరి మలుపు తిరిగి, నాలుగోవాడిగా వచ్చాడు.

“ఇదేంటి, ఆగలేదు?”

“వోల్టేజి కాదండి” అంది హైమవతి. “లోపల మసి పట్టేసి, వేడి బయటికి పోక ఆగిపోతోంది. మొన్న విప్పి శుభ్రం చేశాను.”

“విప్పావా? నువ్వా?” అనంతకృష్ణ వంగి పెట్టెలోకి చూశాడు, ఏమైనా తగ్గిందేమోనన్నట్టు.

“అక్కయ్యగారు ఇంజనీరన్నమాట!” అని గణేష్‌బాబు నవ్వాడు.

“ఆ, ఏముంది, దులిపింది” అన్నాడు అనంతకృష్ణ, మళ్లీ ఆట మొదలుపెడుతూ. “దుమ్మే కదా.”

దేవిశ్రీ గోనెసంచి మడతపెట్టి, “నీకు ఇవ్వాలని లేకపోతే నోటితో చెప్తే సరిపోయేది కదా వదినా, ఇంత చెయ్యాలా?” అంది. వెళ్లేటప్పుడు బొట్టు పెట్టించుకుని, నిన్న పట్టిన కందిపొడి సీసా మాత్రం పట్టుకెళ్లింది.

ఆ సాయంత్రం హైమవతి అత్తగారితో, ఆ పొగ ఇంక పెట్టెలోకి వద్దని చెప్పింది. ఆవిడ నొచ్చుకున్నారు. “పొగ వల్లే ఇన్నాళ్లూ నిలబడిందమ్మా. శుక్రవారం ధూపం మానమంటావా నన్ను?” అన్నారు. అనంతకృష్ణ తెర మీంచి చూపు తిప్పకుండా తీర్పు చెప్పాడు. “అమ్మతో ఎందుకు? నెలకోసారి నువ్వే దులిపెయ్. ఎలాగూ ఇల్లంతా దులుపుతావుగా.”

ఎలాగూ. ఆ మాట దగ్గర హైమవతి ఆగింది. ఎలాగూ పొయ్యి దగ్గరే ఉన్నావుగా, ఎలాగూ లేచావుగా, ఎలాగూ బజారు వైపు వెళ్తున్నావుగా. పెళ్లయినప్పట్నించి ఈ ఇంట్లో తన పనులన్నీ ఆ ఒక్క గుమ్మంలోంచే లోపలికి వచ్చాయి. ఏదీ పెద్దది కాదు. ఏదీ అడిగి వచ్చింది కాదు. తెలివి ఉపయోగించి ఒక చిక్కు విప్పితే, దానికీ చివరికి ఒక చీపురు చేతికిచ్చారు. ఆమె వెళ్లి స్క్రూడ్రైవర్, బ్రష్షు తీసి కుట్టుమిషను సొరుగులో పెట్టి మూసింది.

పిల్లలు మళ్లీ వరండాలోకి వచ్చారు. గ్రైండర్ దాని మానాన అది తిరిగింది. కంప్యూటర్ దాని మానాన అది పరిగెత్తింది. శ్రావణమాసం వచ్చింది. శ్రావణ శుక్రవారాలకి అత్తగారు సాంబ్రాణి దండిగా తెప్పించారు. హైమవతి తలంటు పోసుకుని, ధూపం పట్టుకుని ఇల్లంతా తిరిగింది. “లోపలికి తగిలేలా పట్టమ్మా” అన్నారు అత్తగారు. తగిలేలాగే పట్టింది.

భాద్రపదంలో వానలకి మధ్యాహ్నం కోత ఎత్తేశారు. ఒక సాయంత్రం హైమవతి వరండాలో పిల్లలకి భిన్నాలు చెప్తోంది. పిండి అప్పటికే రుబ్బడం అయిపోయి, రాళ్లు కడిగి బోర్లించి ఉన్నాయి.

“హైమా, గ్రైండర్ ఆపు!”

ఆమె చేతిలో పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. “గ్రైండర్ తిరగడం లేదండి” అంది, లేవకుండా.

లోపల కుర్చీ జరిగింది. అడుగులు వంటింటి దాకా వెళ్లాయి. ఆ అడుగులే మళ్లీ వరండా గుమ్మం దాకా వచ్చాయి. “మరి ఏంటి ప్రాబ్లం?” అన్నాడు అనంతకృష్ణ. పిల్లలు తలెత్తి అతన్నీ, తరవాత టీచర్‌గారినీ చూశారు.

హైమవతి లెక్క పూర్తిచేసి, జవాబు కింద గీత గీసింది.

“దుమ్మే కదండీ. బ్రష్షు కుట్టుమిషను సొరుగులో ఉంది.”