రెండు గిన్నెల చల్లని రొయ్యలు

రుచి వండే చేతిలోనే ఉంటుందనీ, కొలతలూ గడియారాలూ చేతకానివాళ్ల ఊతకర్రలనీ చాలామంది నమ్ముతారు. పాతికేళ్లు ఓడల్లో వంట చేసి రిటైరైన మామగారికి ఈ నమ్మకం మరీ గట్టిది. ఆ చేయి తన కూతురికి మాత్రమే వచ్చిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు.

ఆ మాట విన్నప్పుడల్లా కోడలికి ఒళ్లు మండేది. విందులకు చల్లని రొయ్యలు తానే చేస్తానని పూనుకునే ఆ కూతురు, అంటే కోడలి వదిన, ఒలవడం దగ్గరే విసుగెత్తి లేచిపోయేది. మిగిలిన పనంతా ఎనిమిదేళ్లుగా కోడలిదే. పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లేది మాత్రం వదిన.

ఇప్పుడు వీధి చివరి హోటలువాళ్లు చల్లని వంటకాల కౌంటరు చూసుకోవడానికి మీ ఇంట్లో ఒకరిని పంపమని మామగారిని అడిగారు. ఇంటి వంటగది దాటి బయటపడటానికి కోడలికి కనిపించిన మొదటి దారి అది.

"ఇద్దరం చేస్తాం మామయ్యా. ఏది ఎవరిదో చెప్పకుండా పెడతాం. మీకు ఎవరిది నచ్చితే వాళ్లే వెళ్తారు" అంది.

వదిన నవ్వింది. "పరీక్షా? సరే, థర్మామీటరు కూడా తెచ్చుకో మరదలా. రొయ్యలకి జ్వరమేమో చూద్దువుగాని."

"తెచ్చుకుంటా వదినా. అదైతే అబద్ధం చెప్పదు."

ఆదివారం ఉదయం ఒకే బుట్టలోని రొయ్యల్ని చెరిసగం పంచుకున్నారు. కోడలు పెంకుల్ని ఉప్పునీటిలో మరిగించి వడకట్టి, థర్మామీటరుతో వేడి చూసి, ఆ నీటిలో రొయ్యల్ని రెండు నిమిషాలు ఉంచి తీసింది. ఐసు నీటిలోనూ ఉప్పు కలిపి వాటిని అందులో వేసింది. చల్లబడగానే తీసి, గుడ్డతో తడి అద్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. వదిన తన వాటా ఉడికించి, ఉత్త ఐసు నీటిలో పడేసి, ఫోనులో కబుర్లకు కూర్చుంది. ఎంతసేపు నానితే అంత చల్లనని ఆమె లెక్క. గంట తర్వాత తీస్తే అవి నీళ్లోడుతున్నాయి. మయొనైజు, టమాటా సాసు, నిమ్మరసం, కారం కలిపిన సాసును మాత్రం ఇద్దరూ ఒకే గిన్నెలోంచి వేసుకున్నారు.

కోడలి భర్త రెండు గాజుగిన్నెల అడుగున గుర్తులు పెట్టి తండ్రి ముందుంచాడు.

మామగారు మొదటి గిన్నెలోది నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. "తడిగుడ్డ నమిలినట్టుంది." రెండోదాంట్లోది కొరికి కళ్లు మూసుకున్నారు. "ఇదీ! ఇది నా బిడ్డ చేయి. లక్ష గిన్నెల్లో ఉన్నా పట్టేస్తా."

కొడుకు ఆ గిన్నె ఎత్తి అడుగు చూశాడు. "ఇది మా ఆవిడది నాన్నా."

వదిన గోళ్లు చూసుకుంటోంది. మామగారు ఆ గిన్నె ఖాళీ చేసి, చెంచా నాకి పక్కన పెట్టారు.

"అయితే ఏం? ఎనిమిదేళ్లు దాని పక్కన నిలబడితే ఆ మాత్రం అబ్బదా? నేర్చుకున్నదే ఇలా చేస్తే, నేర్పింది ఎలా చేయాలి! ఇవాళ దానికి మనసు బాలేదు, అంతే."

"నేర్పిందెవరు మామయ్యా? ఇన్నాళ్లూ చేసింది నేనే. కావాలంటే అడగండి వదినని."

"ఇంటి ఆడపిల్లని చిన్నబుచ్చకమ్మా" అన్నారాయన, చాలా మెత్తగా.

కోడలు భర్త వైపు చూసింది. అతను గిన్నెల అడుగునున్న గుర్తుల్ని బొటనవేలితో చెరుపుతున్నాడు.

సోమవారం నుంచి హోటలు కౌంటరులో వదిన నిలబడింది. వారానికి మూడుసార్లు కోడలు ఇంట్లో రొయ్యలు ఉడికించి, చల్లబరిచి, డబ్బాల్లో సర్ది పంపింది. మూతల మీద వదిన పేరుంది.