లెక్కలో మిగిలిన నీళ్లు

ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరూ గభాల్న కాళ్లు కింద పెట్టరు. ఇల్లాలు ముందు బొటనవేలితో నేలని తాకి చూసి, పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచేది.

"ఏమండీ, చీలమండల దాకా వచ్చాయి. నిన్న ఆఫీసులో ఏం వెలగబెట్టారు?"

"ఇంకా నెలాఖరు కాలేదు కదే," అంటూ ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

ఆయన నీటి శాఖలో భూమి కింది నీళ్లు లెక్కగట్టేవాడు. బావమరిది ఎదురు బల్ల దగ్గర కూర్చుని నది లెక్క చూసేవాడు. ఆయనకి 'బోరు బావ' అని పేరు పెట్టింది ఈ బావమరిదే. ఆయన పక్కన కాసేపు కూర్చున్నవాళ్లెవరూ ఆ పేరుకి కారణం అడగలేదు.

ఎవరి లెక్క వాళ్లు చేసుకున్నంతకాలం ఇల్లు పొడిగానే ఉండేది. నది పక్కన కొత్త బోర్లు వెయ్యాలన్న మాట రాగానే, రెండు లెక్కల్నీ కంప్యూటర్లో ముడివెయ్యమని ఆఫీసరు హుకుం జారీ చేశాడు. పల్లపు నేలల్లో నదీ నేలా వేరు కావుట. వరదలో నది నేలకి ఇస్తుంది, ఎండల్లో నేల నదికి తిరిగిస్తుంది. చిక్కల్లా ఒకటే. బావమరిది నది రోజూ లెక్క చెప్పేది. బోరు బావ నేల, అచ్చం ఆయనలాగే, నెలకోసారి గాని కళ్లు తెరిచేది కాదు. ఈలోగా నది వదిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? నేల లెక్కగట్టినాయన ఇంటికే వచ్చి ముందుగదిలో నిలబడేవి. నెలాఖరుకి ఇంకిపోయేవి.

చల్లటి తేటనీళ్లు. ఇరుగుపొరుగు బిందెలతో ముంచుకుపోయేవాళ్లు. పక్కింటావిడైతే గుమ్మంలోనే అడిగేది: "మీవారి తప్పు ఇవాళ బట్టలకేనా, స్నానాలకి కూడా వస్తుందా?"

ఆఫీసరుకి మాత్రం ఓపిక నశించింది. "రెండు లెక్కలకీ మధ్య తేలని ఆ మిగులు తుడిచెయ్యండయ్యా. ఏ లెక్కలోనైనా కాస్త చెత్త ఉంటుంది. సోమవారానికి నివేదిక నా బల్ల మీదుండాలి."

తుడిచేస్తే బోర్లకీ నదికీ సంబంధం లేదని తేలుతుంది. తేలితే నది పొడుగునా బోర్లు దిగుతాయి. దిగువ రేవులో పడవ నడిపేది మరెవరో కాదు, బావమరిదికి తండ్రి, బోరు బావకి మామగారు.

"ఎండాకాలం నాన్న పడవ తేలేది కింద నుంచి ఊరే నీళ్ల మీదే బావా," అన్నాడు బావమరిది.

"నాకు తెలీదట్రా? లెక్కలో కనపడొద్దూ? నా నేల నిద్రపోతోందాయె."

"రోజూ లేపు."

"అంత పని కంప్యూటరూ చెయ్యదు, నేనూ చెయ్యను."

ఆదివారం పొద్దున బోరు బావ ముందుగదిలో కుర్చీ మీద బాసింపట్టు వేసి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. మిగులు తుడిచేసే ప్రోగ్రాం వరస రాసేశాడు. నొక్కడమే తరువాయి. కింద మోకాలి లోతు నీళ్లు. పక్కింటావిడా, ఆవిడ తోడికోడలూ బిందెలు ముంచుతున్నారు.

నీళ్లలో ఏదో నల్లగా కదిలింది. వంగి చూశాడు. అడుగున ఉండాల్సిన గచ్చు లేదు. ఇసక ఉంది. ఇసక అవతల వెలుగు, ఆ వెలుగులో ఒక పడవ అడుగు. తారు పూత, మేకుల వరసలు, ఓ మూల వంకరగా కొట్టిన రేకు అతుకు. పెళ్లయిన కొత్తలో మామగారి మెప్పు కోసం తను కొట్టిన అతుకే!

నదిని ఆయన కింద నుంచి చూస్తున్నాడు. ఇన్నేళ్లూ నేల కింది నీళ్లతో కాపరం చేసి, అక్కణ్ణించి ఒక్కసారి తలెత్తి చూడాలని తోచలేదు. ఇసక రేణువుల సందుల్లోంచి నీళ్లు వెండి పోగుల్లా నదిలోకి పాకుతున్నాయి. ఎటు చూసినా పోగులే. గడకర్ర దిగి, ఇసకని తాకి, లేచింది.

పక్కింటావిడ బిందె ముంచింది. పడవ ఇసక వైపు జానెడు జారింది. తోడికోడలు ముంచింది. ఇసక కరకరమంది. పడవ కూలబడింది.

"పొయ్యండి! ఆ నీళ్లు మళ్లీ ఇందులోనే పొయ్యండి!" అని అరిచాడు బోరు బావ.

"బిందె నిండాక ఇదేం పేచీ అన్నయ్యగారూ?" అంటూనే పక్కింటావిడ విసురుగా వంచేసింది.

పడవ లేచింది. గడకర్ర కదిలింది. నీళ్ల కింద మళ్లీ గచ్చు కనపడింది.

ఆయన రాసిన వరస చెరిపేసి బావమరిదికి ఫోను చేశాడు. "రారా. నేలని రోజూ లేపాలి."

నివేదిక ఆలస్యమైంది, ఆఫీసరు చిందులు తొక్కాడు. కానీ రోజూ మేలుకున్న నేల ఏ చుక్కా మిగల్చలేదు. ఏ బోరు నదిలోంచి ఎంత లాగుతుందో పటం మీద ఎర్రగా తేలింది. బోర్లని దూరంగా మెట్టకి జరిపారు. ఇల్లు పొడిబారింది. "లెక్కలు నేర్చుకుని చెడిపోయాడు" అని ఇరుగుపొరుగు ముఖాలు ముడుచుకున్నారు.

ఎండలు ముదిరాక మామగారు కూతుర్ని చూడొచ్చాడు.

"నది సన్నబడింది గాని, పడవ ఆగలేదు అల్లుడూ. ఆమధ్య ఓ ఆదివారం మాత్రం నడిమధ్యలో కూలబడింది. దిగి తోద్దామనేలోగా, కింద నుంచి ఎవరో బిందె వంచిన చప్పుడు. ఒక్క ఊపున లేచిందనుకో. నిలువునా తడిసిపోయాను."

కూతురు తువ్వాలు అందించింది.

"పక్కింటావిడ కాస్త విసురుగా పోస్తుంది నాన్నా," అంది.