బీరువా కింది అక్షరాలు

ఆసుపత్రిలో శవాల గది పక్కనే చిన్న గది. రెండు కుర్చీలు, అడుగు తుప్పుపట్టి చిల్లులు పడ్డ ఒక బీరువా, తిరగడం కంటే మూలగడం ఎక్కువైన ఫ్యాను. పోయినవాళ్ళకి పోస్ట్‌మార్టం చేయించాలా వద్దా అని ఇంటివాళ్ళని అడిగి సంతకం తీసుకోవడం అక్కడి గుమాస్తా పని. ఇరవై రెండేళ్ళలో 'కొయ్యడం' అన్న మాట అతని నోట రాలేదు. 'పరీక్ష' అనేవాడు. అంత మెత్తని మనిషి. ఇంట్లో ఆ మెత్తదనం ఏమయ్యేదో వాళ్ళావిడే చెప్పాలి, అది వేరే కథ.

మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పి చేసిన సంతకం ఆ గదిలో నిలిచేది కాదు. సిరా ఆరగానే అక్షరాలు చీమల్లా జారి నేలమీద పడేవి. ఊడ్చే ముసలమ్మ పొద్దున్నే చేటకెత్తేది.

"నిన్నటాయన పేరెంత పొడుగు నాయనా, నా నడుం పడిపోయింది. ఆ బీరువా కిందికైతే చీపురే దూరదు" అని సణిగేది.

ఇంటివాళ్ళ సంతకం ఆరేదాకా గుమాస్తా ఓపిగ్గా ఆగేవాడు. 'అన్నీ వివరించి చెప్పాను' అన్నచోట తన సంతకం గీకి, వెంటనే ఫైలు మూసి బీరువాలో పడేసేవాడు. పని చురుకైనవాడని పైవాళ్ళు మెచ్చుకునేవారు.

ఆ రోజు వచ్చింది బట్టలు కుట్టే ఆవిడ. భర్త హెర్నియా ఆపరేషనైన మూడోరోజున పోయాడు. ఆవిడ రాకముందే పెద్దడాక్టరు ఫోన్ చేశాడు: "కోసింది మా అల్లుడయ్యా. వద్దని రాయించు."

"కుట్టు విప్పి మళ్ళీ వేశారు కదన్నయ్యా? సూది పోట్లు రెండు వరసలున్నాయి" అంది ఆవిడ.

"అది మామూలేనమ్మా. పోయినాయన్ని ఇంకా బాధపెట్టడమెందుకు?"

ఆవిడ 'వద్దు' అన్నచోట సంతకం చేసింది. నిలిచింది. నమ్మింది మరి.

గుమాస్తా తన సంతకం పెట్టి ఫైలు మూయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఏ జాకెట్టూ వెలుతురులో చూసుకోకుండా ఇచ్చే చెయ్యి కాదది. కాగితాన్ని కిటికీ వైపు ఎత్తింది. అతని పేరు ఒక్కో అక్షరమే ఆవిడ ఒళ్ళో రాలింది.

"కలం మంచిది కాదమ్మా." మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రాలింది.

"నాది కూడా ఆ కలమేగా! ఏం దాచారు నా దగ్గర?"

మూడోసారీ రాలాక ఫోన్ సంగతి చెప్పాడు. ఆవిడ 'వద్దు' కొట్టేసి 'సమ్మతమే' అన్నచోట సంతకం పెట్టింది.

పేగుకి పడ్డ గాటు, దాన్ని చూసి కూడా పైన వేసేసిన రెండో కుట్టు, రెండూ బయటపడ్డాయి. అల్లుడి పేరు బోర్డు మీంచి పోయింది. గుమాస్తాని దుప్పట్ల గదికి మార్చారు. రిపోర్టు కోసం ఆవిడ వచ్చినప్పుడు అతను లేచి నిలబడ్డాడు.

"నేను దణ్ణం పెడతాననుకున్నారా? రాలకపోతే చెప్పేవారా?" అని వెళ్ళిపోయింది.

అతని పాత గది ఖాళీచేసేటప్పుడు బీరువా జరిపారు. కింద గచ్చు కుంగిన గోతి నిండా నల్లగా అక్షరాల గుట్ట. గుమాస్తా వంగి గుప్పెడు తీసి చూశాడు. అంతా ఒకటే పేరు.

"మీవే బాబూ. అంచుకి వచ్చినవి ఏళ్ళ నుంచీ ఎత్తిపోస్తున్నా. మీకు తెలుసనుకున్నాను" అంది ముసలమ్మ.

అతను పాత ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచాడు. అడుగున తన చోటు ఖాళీ. దాని పైన 'వద్దు' అన్నచోట, తల్లులవీ భార్యలవీ కొడుకులవీ, ఒక్క అక్షరమూ చెదరలేదు.