ఎవరు పంపారు?

"ఏమ్మే, ఫోనిట్లీ. నా దాంట్లో నెట్ అయిపోయింది," అన్నాడు రెబెకా భర్త. సోమవారం అని కాదు, ప్రతి పొద్దునా అనే మాటే. ఉగ్గానికి బొరుగులు నానబెడుతున్న రెబెకా, అలమరలో ఉంది తీసుకొమ్మంది. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగులో తను పాఠాలు చెప్పే బడికి ఎనిమిదింటికి బస్సు. ఆలోపు రెండు క్యారియర్లు, ఆయన చొక్కా ఇస్త్రీ, అత్త సుందరమ్మ మాత్రలు. జీతం తెచ్చే కోడలికి వంటలో చెయ్యందించాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అడగాలని పన్నెండేళ్లుగా తనకూ తోచలేదు.

బుధవారం ఎనిమిదో తరగతికి ముస్కాన్ రాలేదు. వాళ్లది బీహార్. తండ్రి నాపరాళ్ల పాలిష్ పనికి వచ్చాడు.

"ఇల్లు ఖాళీ చేయమన్న్యారంట టీచర్. బీహారోళ్లు పిల్లకాయల్ని ఎత్తకపోతాండారని మన గ్రూపులో వీడియో వచ్చింది గదా," అంది ఆ పిల్ల పక్కన కూర్చునే ఫిర్దోస్.

రెబెకాకు ఒళ్లు మండింది. ఇలాంటివి వస్తే ఏం అడగాలో నెల రోజులుగా ఆమే నేర్పుతోంది: ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు పంపారు. మార్కుల పనిలో పడి తల్లిదండ్రుల గ్రూపు చూసి మూడు రోజులైంది. ఇవాళ పాఠం ఇదేనని, తన ఫోన్‌ను గోడమీది టీవీకి కలిపి, గ్రూపులో ఆ వీడియో తెరిచింది.

పిల్లలు గట్టివాళ్లు. దుకాణాల బోర్డులు తెలుగు కాదన్నారు. అందులో అందరికీ స్వెట్టర్లున్నాయి, ఈ ఎండల్లో ఎవరేసుకుంటారని నవ్వారు.

"మరి ఎవరు పంపారు?"

పిల్లలు ఫిర్దోస్ వైపు చూశారు. ఫిర్దోసే లేచింది.

"ఆకుపచ్చ గడిలో ఉంది టీచర్. అంటే మీ ఫోన్ నుంచి పోయిండేదే. సోమవారం ఏడుంబావుకు. టీచరే పంపిందంటే నిజమేనని మాయమ్మ గూడా అనింది."

ఏడుంబావుకు రెబెకా ఉల్లిగడ్డలు తరుగుతోంది.

వరండాలోకి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది.

"నేనే పెట్టినా. నేను జెప్తే ఎవురు నమ్ముతారు? టీచరమ్మ పేరుంటే నమ్ముతారు. పిల్లకాయల మంచికే గదా! తుడిపేసి గమ్మునుండు. నా పేరు యాడా ఎత్తగాకు, పరువు పోతాది."

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేననుకుంది. ఇన్నాళ్లూ అడగ్గానే ఫోన్ ఇచ్చినందుకు సిగ్గేసింది. అక్కడ ముస్కాన్ తల్లి ఈపాటికి గిన్నెలు మూటగడుతూ ఉంటుంది.

క్లాసులోకి వచ్చి, గ్రూపులో వాయిస్ మెసేజి నొక్కింది. పెళ్లయినప్పటి నుంచి మొగుణ్ని పేరు పెట్టి అన్నది లేదు. ఇంట్లోనైనా, బయటైనా 'ఆయన' అనే.

"నేను రెబెకా టీచర్‌ను. సోమవారం నా ఫోన్ నుంచి ఆ వీడియో పెట్టింది నా మొగుడు రవికుమార్. అది అబద్ధం, మన ఊరిది కాదు. ముస్కానోళ్ల ఇంటికాడికి పోతాండా. ఖాళీ చేయమన్నోళ్లు ఆడికే వచ్చి, నా ముందర చెప్పండి."