నాలుగో అభ్యర్థి

రెండువేల సంవత్సరం జనవరి ఒకటో తేదీన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడింది. ఏవీ ఆగలేదు. ఆ భయంతో పుట్టుకొచ్చిన ఉద్యోగాలు మాత్రం మెల్లగా ఆగిపోయాయి. హన్మకొండ నుంచి మెల్‌బోర్న్ వచ్చి, రెండేళ్ళపాటు ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసిన కాత్యాయనిని మార్చి నెలలో పిలిచి, పని అయిపోయింది, చాలా థాంక్స్ అన్నారు.

అప్పటికి ఆమె క్లేటన్‌లో హస్సాన్ అంకుల్ ఇంటి వెనక గదిలో ఉంటోంది. హస్సాన్‌ది సికింద్రాబాదు. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఫుట్‌బాల్ టీమ్‌లో వెనక వరుసలో, ఫుల్‌బ్యాక్‌గా ఆడేవాడు. డెబ్బై తొమ్మిదిలో ఈ దేశం వచ్చి కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. సాయంత్రాలు పేటలో పిల్లలకి సాకర్ నేర్పుతూ నేర్పుతూ, ఎనభై నాలుగులో ఈస్టర్న్ రోవర్స్ అనే ప్రొఫెషనల్ క్లబ్బుకి డిఫెన్స్ కోచ్ అయ్యాడు. గోల్ పడకుండా కాచే వెనక వరుసవాళ్ళని తీర్చిదిద్దడం ఆయన పని. పదహారేళ్ళుగా అదే పని, అదే క్లబ్బు. ఆయనకీ భార్య లతీఫాకీ పిల్లలు లేరు.

ఉద్యోగం పోయిన వారం కాత్యాయని గదిలోంచి బయటికి రాలేదు. ఎనిమిదో రోజు హస్సాన్ తలుపు తట్టాడు.

"ఖాళీగ కూసోని ఏం జేస్తవు బిడ్డా? మా క్లబ్బుల వీడియో టేపులు గుట్టలు గుట్టలు పడున్నయి. ఏ గోల్ ఎట్ల పడిందో కంప్యూటర్ల ఎక్కియ్యి."

"నాకు సాకర్ రాదంకుల్."

"గోల్ పడితే తెలుస్తది గదా. మిగిలింది నేను నేర్పిస్త."

అన్నట్టే నేర్పాడు. భోజనాల బల్ల మీద నాలుగు చెంచాలు వెనక వరుస, ఉప్పు డబ్బా గోల్‌కీపరు. బంతిని అందరూ చూస్తారు, నువ్వు బంతి లేనివాణ్ణి చూడు అనేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి కాత్యాయని టేపు ఆపి, ఈ గోల్‌కి తప్పు ఎవరిదో చెప్పగలిగేది. క్లబ్బు ఆమెని ఉద్యోగంలోకి తీసుకుంది. సొంత తండ్రి కూడా అంత ఓపికగా తనకి ఏదీ నేర్పలేదని ఆమె లతీఫా ఆంటీతో అంది.

అక్టోబరులో సీజన్ మొదలైంది. క్రిస్మస్ లోపల రోవర్స్ తొమ్మిది ఆటలాడి ఏడు ఓడిపోయింది. ఇరవై నాలుగు గోల్స్ పడ్డాయి. సగానికి పైగా ఒకే తీరున పడ్డాయని కాత్యాయని లెక్కలో తేలింది. వెనక వరుసలో ఇద్దరు ముందుకి జరుగుతున్నారు, ఇద్దరు కదలకుండా నిలబడుతున్నారు. మధ్యలో దారి తెరుచుకుంటోంది. నలుగురికీ చెప్పే మనిషి ఒక్కడే కదా, మరి ఇదెలా జరుగుతోందని ఆమె ఒక ఆటలో విరామ సమయంలో డ్రెస్సింగ్ రూము గుమ్మంలో నిలబడి విన్నది.

హస్సాన్ ఎడమవైపు వాళ్ళని ముందుకు జరగమన్నాడు. రెండు నిమిషాల తర్వాత కుడివైపు వాళ్ళని కదలొద్దన్నాడు. కెప్టెన్‌ని డేవిడ్ అని పిలిచాడు. డేవిడ్ ఆ క్లబ్బు వదిలి ఆరేళ్ళయింది. ముసలాయన హాస్యమాడుతున్నాడనుకుని కుర్రాళ్ళు నవ్వారు.

ఆ రోజు ఇంటికి వస్తూ ఆయన రోజూ తిరిగే మలుపు దగ్గర తిరగలేదు. రెండు మైళ్ళు పోయాక కారు పక్కకి ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"కొత్త రోడ్డేసినట్టున్నరు," అన్నాడు చివరికి.

కొత్త రోడ్డేమీ లేదు. "వెనక్కి తిప్పండంకుల్, నేను చెప్త," అంది కాత్యాయని.

వంటింట్లో లతీఫా ఆమె ముఖం చూసే గ్రహించింది. పొయ్యి కట్టేసి స్టూలు మీద కూర్చుంది.

"నీగ్గూడ ఎర్కైందా? ఆగస్టులనే డాక్టర్ చెప్పిండు బిడ్డా. మతిమరుపు రోగమట. తగ్గేది కాదట. ఆయనకొకరోజు తెలుస్తది, ఒకరోజు తెల్వది."

"క్లబ్బుల చెప్పాలె కదా ఆంటీ?"

"ఈ ఒక్క సీజన్ గడవనియ్యి. ఆట గుంజుకుంటే ఆయన దగ్గర ఏం మిగుల్తది చెప్పు."

కాత్యాయని చెప్పలేదు. చెప్పకపోగా, ప్రతి ఆటకీ ముందు ఒక అట్టముక్క మీద ఆటగాళ్ళ పేర్లు, చొక్కా నంబర్లు, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి దెబ్బ తగిలింది అన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు తీసి ఆయన చేతికివ్వడం మొదలుపెట్టింది. హస్సాన్ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆ అట్టముక్క గురించి ఇద్దరూ ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు. రోవర్స్ వరసగా రెండు ఆటలు గెలిచింది. ఇలాగే లాక్కురావచ్చనుకుంది కాత్యాయని. కొంచెం గర్వం కూడా కలిగింది.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. అక్కడది నడివేసవి, ఎండ నిప్పులు చెరుగుతోంది. హెడ్ కోచ్ డెస్ మెల్రోజ్ రిఫరీతో గొడవపడి బయటికి పోవాల్సి వచ్చింది. బెంచి బాధ్యత హస్సాన్ మీద పడింది. కాత్యాయని పైన స్టాండులో కెమెరా దగ్గర ఉంది. అరవయ్యో నిమిషంలో కుడివైపు ఆటగాడు కాలు పట్టుకుని కూలబడ్డాడు. దెబ్బలు చూసే ఫిజియో మైదానంలోకి పరిగెత్తాడు. ఇవతల హస్సాన్ మారు ఆటగాళ్ళు కూర్చునే బెంచి వైపు తిరిగి, ఆడమని ల్యూక్‌కి సైగ చేశాడు.

ల్యూక్‌కి ఇరవై ఒకటి. మోకాలు వాచి ఉంది. మూడు వారాలు బంతి ముట్టకూడదని ఫిజియో చెప్పాడు. ఆ సంగతి అట్టముక్క మీద ఎర్ర అక్షరాలతో ఉంది. అట్టముక్క ఇంట్లో, ఉతకడానికి వేసిన చొక్కా జేబులో ఉంది.

కాత్యాయని ల్యూక్ లేవడం చూసింది. జాకెట్ విప్పడం చూసింది. దిగి వెళ్ళి ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. అడిగితే అంతా బయటపడుతుంది. ఆ ఆలోచనతో ఆమె ఒక్క నిమిషం కదలకుండా నిలబడిపోయింది. తర్వాత మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తింది. కానీ కిందికి చేరేసరికి ల్యూక్ గీత దాటి లోపలికి వెళ్ళిపోయాడు. ఏడు నిమిషాల తర్వాత ఎవరూ తగలకుండానే పచ్చిక మీద పడిపోయాడు. అతని కేక స్టాండు దాకా వినపడింది.

సోమవారం పొద్దున్నే ఆమె డెస్ గదికి వెళ్ళి నిలబడి అంతా చెప్పేసింది.

"ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?" అన్నాడు డెస్.

"నెల పైనే."

డెస్ ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండనిపించింది ఆమెకి. "నన్ను పందొమ్మిదేళ్ళప్పుడు ఈ క్లబ్బులోకి తీసుకున్నది హస్సానే," అన్నాడు.

ఆసుపత్రిలో ల్యూక్‌కి కూడా చెప్పింది. "మోకాలు బాగోలేదని నాకూ తెలుసుగా. హస్సాన్ రమ్మంటే రానని ఎవడంటాడు?" అన్నాడతను. ఆ కాలు మళ్ళీ ఆ స్థాయి ఆటకి పనికిరాదని డాక్టర్లు అప్పటికింకా అతనికి చెప్పలేదు.

డెస్ తనే క్లేటన్ ఇంటికి వచ్చాడు. ఆ రోజు హస్సాన్‌కి అన్నీ తెలిసిన రోజు. డెస్ చెప్పిందంతా విన్నాడు. ల్యూక్ పేరు వచ్చినప్పుడు మాత్రం చేతులతో ముఖం కప్పుకున్నాడు. తప్పుకుంటానన్నాడు. ఒక్కటే అడిగాడు, తన స్థానంలోకి వచ్చేవాణ్ణి ఎంచేటప్పుడు తనని కూడా కూర్చోనివ్వమని. డెస్ సరేనన్నాడు.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున, మైదానం కనిపించే మేడగదిలో ఇంటర్వ్యూలు పెట్టారు. బల్లకి ఇవతల క్లబ్బు అధ్యక్షురాలు హెలెన్, డెస్, లెక్కల కాగితాలతో కాత్యాయని, చివర హస్సాన్. లతీఫా ఆయనకి టై కట్టి పంపింది. మొదట పెర్త్ నుంచి ఒకాయన, తర్వాత ఇంగ్లండులో పనిచేసిన ఒకాయన వచ్చారు. మూడో మనిషి ఆంటన్, ఒకప్పుడు హస్సాన్ దగ్గరే ఐదేళ్ళు వెనక వరుసలో ఆడినవాడు. ముగ్గురినీ హస్సాన్ ఒకే ప్రశ్న అడిగాడు.

"ఒక గోల్ వెనకబడ్డారు. పది నిమిషాలే ఉంది. అందరూ ముందుకు పరిగెత్తుతున్నారు. వెనక మిగిలిన ఇద్దరికీ ఏం చెబుతావు?"

మొదటి ఇద్దరూ బోర్డు మీద బొమ్మలు గీశారు. ఆంటన్ గీయలేదు. "ఒకరితో ఒకరు మాట్లాడుతూనే ఉండమంటాను. భయం పట్టుకుంటే మనిషికి నోరు పెగలదు," అన్నాడు.

హస్సాన్ తల ఊపాడు. ఆయన ఆ పూటంతా ఎంత చక్కగా ఉన్నాడంటే, డాక్టర్లు పొరపాటు పడ్డారేమోనని కూడా తోచింది కాత్యాయనికి.

ఆంటన్ వెళ్ళిపోయాక హస్సాన్ లేచి గది బయటికి నడిచాడు. బాత్రూముకి అనుకున్నారు. రెండు నిమిషాల తర్వాత తలుపు తట్టిన చప్పుడైంది. హస్సాన్ లోపలికి వచ్చాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు, జుట్టు నీళ్ళతో తడిపి దువ్వుకున్నాడు. అవతలివైపు, అభ్యర్థుల కుర్చీ వెనక నిలబడ్డాడు.

"గుడ్ మార్నింగ్. నా పేరు హస్సాన్. కూర్చోవచ్చా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

హెలెన్ డెస్ వైపు చూసింది. "కూర్చోండి," అంది కాత్యాయని.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇండియాలో పదకొండేళ్ళు ఫుల్‌బ్యాక్ ఆడాను. ఇక్కడ పగలు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం పిల్లలకి కోచింగ్. నా ఇంగ్లీషులో తప్పులుంటాయి, క్షమించాలి. ఆటలో ఉండవు."

ఆయన ఎనభై నాలుగో సంవత్సరంలో, ఈ ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజులో ఉన్నాడని ముగ్గురికీ తెలిసిపోయింది. ఏదో ఒకటి అడగాలి. కాత్యాయని ఆయన ప్రశ్నే ఆయన్ని అడిగింది. ఒక గోల్ వెనకబడ్డారు, పది నిమిషాలే ఉంది, వెనక మిగిలిన ఇద్దరికీ ఏం చెబుతారు?

"ఏమీ చెప్పను," అన్నాడు హస్సాన్ వెంటనే. "అప్పుడు కోచ్ అరిస్తే ఆ పిల్లలకి వినపడేది కోచ్ భయమే. చెప్పాల్సిందంతా ఆ వారంలో చెప్పేసి ఉండాలి. ఆ పది నిమిషాలూ నేను లేచి నిలబడతాను. వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే కనబడేటట్టు."

డెస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయి, వాళ్ళకి వీపు చేసి నిలబడ్డాడు. ఆయన కింద ఆడిన ఎనిమిదేళ్ళూ గీత దగ్గర ఆ మనిషి అలాగే నిలబడటం చూసినవాడతను.

"ఎప్పుడు చేరగలరు?" అని అడిగింది హెలెన్.

"రేపే. ఫ్యాక్టరీలో చెప్పుకోవాలి. మా ఆవిడ ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, ఆమెకీ చెప్పాలి. సంతోషిస్తుంది." లేచి, కిటికీ దగ్గరున్న డెస్‌తో సహా ముగ్గురితోనూ చేయి కలిపాడు. "ఉత్తరం రాస్తారు కదా?" అని అడిగి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళాడు.

పది నిమిషాల్లో ఆంటన్‌ని ఎంచారు. అతను కోచ్‌గా ఉన్న జట్టుకి పడిన గోల్స్ మిగతా ఇద్దరి జట్లకంటే తక్కువ. ఆ సంగతి రాసి, సిఫారసు కాగితం టైపు చేసింది కాత్యాయనే. ఆ గదిలో విన్న జవాబుల్లో అన్నిటికన్నా మంచిది ఎవరిదో ఆ కాగితంలో రాయడానికి చోటు లేదు.

మర్నాటి నుంచి హస్సాన్ పొద్దున్నే టై కట్టుకుని గేటు దగ్గర ఉత్తరాల పెట్టె పక్కన నిలబడేవాడు.

"క్లబ్బుకెల్లి ఉత్తరమొచ్చిందా బిడ్డా?"

కాత్యాయని ఒకసారి నిజం దాచింది. దాని ఫలితం ఊతకర్రల మీద నడుస్తోంది. ఇంకెప్పుడూ దాచనని ఒట్టు పెట్టుకుంది. "వేరేటాయనకిచ్చిండ్రంకుల్," అని చెప్పింది.

ఆయన ముఖం మెల్లగా వాలిపోయింది. "మంచోడేనా?"

"మంచోడే."

"నా ఇంగ్లీషు బాగలేదు. అందుకే గావచ్చు." లోపలికి వెళ్ళి టై విప్పి, మడతపెట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

మర్నాడు మళ్ళీ టై కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ చెప్పింది. తొమ్మిది రోజులు తొమ్మిది సార్లు చెప్పింది. ప్రతిసారీ ఆయన అప్పుడే మొదటిసారి విన్నాడు. పదో రోజు లతీఫా ఆమెని వంటింట్లో చేయి పట్టుకుని ఆపింది.

"ఇగ చాలు బిడ్డా. ఆ పిల్లగాని కాలు మన అబద్ధంతోటి పోయింది, నేనొప్పుకుంట. నా పాపమే అది. ఈ అబద్ధంతోటి ఎవరికేం పోతది?"

కాత్యాయని గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఉత్తరమొచ్చిందా బిడ్డా?"

"వచ్చిందంకుల్. ఉద్యోగం మీకే ఇచ్చిండ్రు."

హస్సాన్ వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "లతీఫా," అని లోపలికి పిలిచాడు, "అరే లతీఫా, ఇటు రా." ఆమె వచ్చి, అప్పుడే తెలిసినట్టు ఆయన తల మీద చేయి వేసింది.

ఆ సీజన్ రోవర్స్ చివరి నుంచి రెండో స్థానంలో ముగించింది. ఆంటన్ వచ్చాక జట్టుకి పడే గోల్స్ సగానికి తగ్గాయి. ల్యూక్ ఆట మానేసి వడ్రంగం నేర్చుకోవడానికి పోయాడు. జూన్‌లో కాత్యాయనికి సిడ్నీలో ప్రోగ్రామర్ ఉద్యోగం దొరికింది.

బయల్దేరే రోజు ఆమె పెట్టెలు టాక్సీలో పెట్టించి గేటు దగ్గరికి వచ్చింది. చలిలో స్వెట్టరు మీద టై కట్టుకుని హస్సాన్ నిలబడి ఉన్నాడు. ఈమధ్య ఆయన ఏమీ అడగడం లేదు, చూస్తాడంతే.

"మీకు ఉద్యోగమొచ్చిందంకుల్," అంది. "డిఫెన్స్ కోచ్."

ఆయన రెండు చేతులతో ఆమె చేతులు పట్టుకున్నాడు. సంతోషంగా ఆమె ముఖంలోకి చూస్తూ, "నువ్వెవరు బిడ్డా? క్లబ్బుకెల్లి వచ్చినవా?" అన్నాడు.

"అవునంకుల్. క్లబ్బుకెల్లే."

"గింత మంచి కబురు దెచ్చినవు. చాయ్ తాగి పో."

టాక్సీ అతన్ని కాసేపు ఆగమని చెప్పి, కాత్యాయని ఆయన వెంట లోపలికి నడిచింది.