వంటగదిలో ఒకటి

అయినా ఆ రోజు తను నవ్వకుండా ఉండాల్సింది. అందరికంటే ముందు నవ్వింది తనే, అదీ అసలు సంగతి, అనుకుంది ప్రభావతి, చర్చి హాలు వంటగదిలో కప్పులు తొలుస్తూ. బీరువాలో బోర్లించి ఉన్నవే అయినా మీటింగుకు ముందు ఒకసారి తొలవకపోతే ఆమెకు తోచదు. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది, పైనుంచి కిందికి దించే చెక్క షట్టరుతో. టీ అందించడానికి పెట్టిన కిటికీ. ఇన్నేళ్లుగా స్కాట్లాండు రాజకీయాలన్నీ ఆమె ఆ కిటికీలోంచే చూసింది.

హాల్లో ఆమె భర్త విజయభాస్కర్ వచ్చినవాళ్లందరితో చేతులు కలుపుతున్నాడు. చాలాకాలం ఈ వార్డుకు కౌన్సిలరు, ఆ తర్వాత ఎడిన్‌బరో పార్లమెంటులో సభ్యుడు. మొన్నటి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఇంతలో కౌన్సిల్లో ఒక సీటు ఖాళీ అయింది. పార్టీ తరఫున దానికి ఎవరు నిలబడాలో ఈ మధ్యాహ్నం సభ్యులు చేతులెత్తి తేలుస్తారు. పోటీలో ఉన్నది ఇద్దరు: ఆయనా, షైనీ అనే అమ్మాయీ.

"డేవిడ్ మనవాడే. పోస్టాఫీసు ఆయన కూడా మనకే వేస్తాడు. మనిద్దరివీ రెండు. ఒడ్డెక్కేస్తాం ప్రభా" అన్నాడు ఇందాక కారులో వస్తూ.

మనిద్దరివీ రెండు. ఆ మాట ఆయన కొత్తగా అన్నదేం కాదు. మొదటిసారి కౌన్సిల్‌కి నిలబడాలనుకున్నప్పుడు, "నువ్వూ మెంబరుగా చేరిపో, ఒక చెయ్యి కలిసొస్తుంది" అని ఆయనే ఆమెను చేర్పించాడు. ఓటింగు జరిగేవేళకు ఆమె పొయ్యి దగ్గర ఉంది. పాలు పొంగుతాయని కదల్లేక కిటికీలోంచే చెయ్యెత్తింది. లెక్కపెడుతున్న మొరాగ్ అనే పెద్దావిడ హాలంతా లెక్కేసి, చివర్లో ఇటు తిరిగి, "వంటగదిలో ఒకటి" అంది. అందరూ ముచ్చటపడ్డారు. ఆనాటి నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. ఏ తీర్మానమైనా, ఏ ఎన్నికైనా, లెక్క చివర వంటగదిలో ఒకటి. అది ఎవరి చెయ్యో, ఎందుకు లేచిందో అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమెకూ రాలేదు.

శనివారాలు లైబ్రరీలో సర్జరీ ఉండేది. ఈ దేశంలో డాక్టరుకే కాదు, కౌన్సిలరుకూ సర్జరీ ఉంటుంది. జనం వచ్చి తమ కష్టాలు చెప్పుకుంటారు. విజయభాస్కర్ లోపల బల్ల వెనక కూర్చుంటే ప్రభావతి బయట వరసలో కూర్చున్నవాళ్లతో మాట్లాడుతూ ఉండేది. బల్ల ముందు నోరు పెగలని వాళ్లు ఈమె పక్కన అన్నీ చెప్పేవాళ్లు. ఆ దారిలో తిరిగే బస్సు రద్దు చేశాక ఆసుపత్రికి పోలేక గుండెనొప్పిని అజీర్ణమని సర్దిచెప్పుకున్న ముసలాయన, ఫ్లాటు గోడలకు పట్టిన బూజు వల్ల బిడ్డకు దగ్గు తగ్గని తల్లి. ఇంటికి పోతూ అవన్నీ ఆయనకు చెప్పేది. ఆ తర్వాత ఎప్పుడో టీవీలో, పార్లమెంటులో ఆయన లేచి, "మా ఊళ్లో ఒక ముసలాయన గుండెనొప్పిని అజీర్ణం అనుకోవలసి వచ్చింది" అని మొదలుపెడితే సభ నిశ్శబ్దమైపోయేది. తన చీర ఇంకొకరి ఒంటిమీద చూసినట్టుండేది ప్రభావతికి. బాగుందనే అనిపించేది. అదే వింత. కోపం రావాల్సిన చోట ముచ్చట ఎలా వచ్చిందో ఆమె తర్వాత చాలాసార్లు ఆలోచించింది.

"వాడు అంతమందిని చూసుకుంటున్నాడు, నువ్వు వాణ్ని చూసుకో" అనేది తెనాలి నుంచి అత్తగారు వెంకటరమణమ్మ. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు అపూర్వ మాత్రం, సర్జరీల్లో తల్లి చేసే పని గురించి విని, "అమ్మా, దే పే పీపుల్ టు డూ దట్, యూ నో" అంది ఒకసారి. "మీ నాన్నకి చెప్పకు, నొచ్చుకుంటారు" అని ప్రభావతి ఫోను పెట్టేసింది.

ఇక ఆ రోజు. ఆయన పార్లమెంటుకు గెలిచి కౌన్సిల్ సీటు వదిలేసినప్పుడు, ఇదే హాల్లో మొరాగ్ లేచి, "ప్రభ ఎందుకు నిలబడకూడదు? ఈ వార్డులో ఆమెకు తెలియని తలుపుందా?" అంది. ఒక్క క్షణం అందరూ కిటికీ వైపు తిరిగారు. విజయభాస్కర్ చేతులు చాచి, "ఆవిడ నిలబడితే మాకు టీ ఎవరిస్తారు?" అన్నాడు. చెడ్డగా అనలేదు. కాని ఆ మాట పూర్తయ్యేలోపే ప్రభావతి పకపకా నవ్వింది. ఆమె నవ్వాకే హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పుడామెకు తెలుసు. మొరాగ్ నోట తన పేరు విన్న క్షణంలో లోపల ఒక ఆశ భగ్గుమంది. అది మొహంలో కనిపించకముందే దాని మీద ఏదో ఒకటి కప్పాలి. చేతికందింది నవ్వే. కారులో ఆయన, "నిన్ను ఇబ్బందిలోంచి తప్పించాను చూశావా" అంటే, "బతికించారు" అంది కూడా.

"ఆంటీ, కప్పులు నేను తుడవనా?"

షైనీ. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చేసే కేర్ వర్కరు. బూజు పట్టిన ఫ్లాటులో బిడ్డతో అవస్థపడి సర్జరీకి వచ్చిన ఆ తల్లే ఈమె. ఆ తర్వాత కరపత్రాలు పంచడానికి తనంతట తనే రావడం మొదలుపెట్టింది.

"నువ్వు హాల్లో కూర్చోవాలమ్మా. వీళ్లు నీ మొహం చూడాలి."

"కాసేపు ఇక్కడే ఉంటాను ఆంటీ. అంకుల్‌కి ఎదురు నిలబడ్డానని మీకు కోపంగా ఉందా?"

"లేదు."

"నిజానికి మీరు నిలబడాలి. ముందే నిలబడి ఉండాల్సింది. ఎందుకు నిలబడలేదు?"

"టీ పెట్టాలి కదే" అంది ప్రభావతి. షైనీ నవ్వలేదు. ఆ మాటకు నవ్వని మొదటి మనిషి ఆ పిల్ల.

మీటింగు మొదలైంది. షైనీ తడబడుతూనే మాట్లాడింది. తను పొద్దున్నే స్నానం చేయించే ఒక పెద్దావిడ, కౌన్సిల్ ఇచ్చే సమయం చాలక, తల రుద్దమని అడగడం మానేసిందని చెప్పి కూర్చుంది. తన మాటను తనే మోసుకొచ్చింది, అనుకుంది ప్రభావతి.

తర్వాత విజయభాస్కర్ లేచాడు. ఓడిపోయిన రాత్రి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయి, "ఎక్కడ తప్పు చేశాను ప్రభా?" అని అడిగిన మనిషి. ఆయన సర్జరీలకు రావడం ఎప్పుడో మానేశాడని, ఎవరేమన్నారని తనను అడగడం కూడా మానేశాడని ఆమెకు తెలుసు. అయినా ఒంగి బూట్ల ముళ్లు విప్పింది. ఇప్పుడాయన గొంతులో పాత ధీమా వెతుక్కుంటుంటే ఆమె గుండె చివుక్కుమంది.

"ఎవరు వేసినా వేయకపోయినా, ఒక ఓటు మాత్రం నాకు ఖాయం" అన్నాడు ఆయన, కిటికీ వైపు చెయ్యి చూపించి. "నేను కౌన్సిల్లో లేకపోతే ఆవిడకి పాపం, రాత్రి భోజనంలోకి కబుర్లే ఉండవు!"

హాలు నవ్వడానికి సిద్ధమై ఇటు తిరిగింది. ప్రభావతి బుగ్గలు వాటంతటవే పైకి లేచాయి. లేచి, సగంలో ఆగిపోయాయి. ఎవరో చెప్పి ఆపినట్టు కాదు. వాటికే విసుగు పుట్టినట్టు. ఎవరో ఒకరిద్దరు దగ్గారు.

ఆమె చేతులు తుడుచుకుంది. షట్టరు పట్టుకుని కిందికి దించింది. అది ఎప్పుడూ చేసే చప్పుడే చేసింది. పక్క తలుపులోంచి హాల్లోకి వచ్చి, చివరి వరసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఇక్కడి నుంచి చూస్తే హాలు ఇంత చిన్నదా అనిపించింది.

"విజయభాస్కర్‌కి అనుకూలంగా" అంది మొరాగ్. చేతులు లేచాయి. ఆవిడ వరసగా లెక్కపెట్టుకుంటూ వచ్చి, అలవాటుగా కిటికీ వైపు తిరిగి, "వంటగదిలో" అని ఆగిపోయింది. అక్కడ మూసిన చెక్క తప్ప ఏమీ లేదు. విజయభాస్కర్ కూడా అటే చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, కుర్చీల మధ్య భార్యను వెతుక్కున్నాడు. ఆమె ఆయన్నే చూస్తోంది. చేతులు ఒడిలో ఉన్నాయి.

"షైనీకి అనుకూలంగా."

ఎప్పుడో, మొరాగ్ తన పేరు పలికిన రోజే ఎత్తవలసిన చెయ్యి, అనుకుంది ప్రభావతి. ఇంకా నీళ్ల చెమ్మ ఆరలేదు దానికి. ఎత్తింది.